సూర్యుడి బొమ్మ డబ్బా

మా ఇంట్లో మోసాల సీరియల్ మొదలవుతోందంటే ఆ రోజు వంట తొందరగా అయిపోయేది. షేర్ల మోసం, బ్యాంకు మోసం, వజ్రాల మోసం, ఏదైనా ఫరవాలేదు. నిజంగా జరిగిన కథ అని తెర మీద అక్షరాలు పడగానే నాన్న కుర్చీ టీవీ దగ్గరికి లాక్కునేవాడు. అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని, చూడనట్టే అంతా చూసేది. మాటలన్నీ హిందీయే అయినా మా ముగ్గురికీ ఇబ్బంది లేదు. నేను భిలాయిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు కోపమొస్తే నోటికి ముందు హిందీయే వస్తుంది.

ఊరంతా ఆ సీరియళ్ళలో సూటు వేసుకున్న మోసగాణ్ణే చూస్తుంది. వాడు కారు దిగితే సంగీతం, కళ్ళజోడు తీస్తే సంగీతం. వాడి డైలాగులు మా సెక్టర్ సిక్స్ టీకొట్టు దగ్గర వారం రోజులు మోగుతాయి. మోసపోయినవాళ్ళేమో ఒక్క క్యూలో నిలబడి ఏడ్చేసి వెళ్ళిపోతారు, వాళ్ళ మొహాలైనా సరిగ్గా కనపడవు. నాకు ఒళ్ళు మండేది. నాన్న సూటువాణ్ణి పట్టించుకునేవాడే కాదు. వెనకాల ఫైళ్ళు మోసే గుమాస్తానో, ఇరుగుపొరుగుని వెంటబెట్టుకొచ్చి సంతకాలు పెట్టించే ఏజెంటునో కనిపెట్టుకుని ఉండేవాడు.

"ఏటే, ఆ గళ్ళచొక్కావోడు మళ్ళీ రాలేదు. ఏటయ్యాడు?" అని అడిగేవాడు నన్ను.

"ఆడితో కథకి పని అయిపోయింది నాన్నా."

"కథకి పనైపోతే మనిషి ఉండడేటి?"

ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. మా నాన్న కూడా ఒకప్పుడు గళ్ళచొక్కావాడే.

నేను కాలేజీలో ఉన్న రోజుల సంగతి. నాన్న స్టీలు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో ఉద్యోగం చేస్తూనే, డ్యూటీ అయ్యాక ఒక కంపెనీకి ఏజెంటుగా తిరిగేవాడు. నెలనెలా కడితే కొన్నేళ్ళకి రెట్టింపు ఇస్తారు, లేదా రాయ్‌పూర్ దారిలో కుమ్హారి దగ్గర స్థలం ఇస్తారు. ఆదివారాలు జనాన్ని బస్సెక్కించి తీసుకెళ్ళి, జెండాలు పాతిన బీడు చూపించేవారు. నాన్న నమ్మాడు. అందరికంటే ముందు తన డబ్బే కట్టాడు. పెద్దగా మాటకారి కాదు. అయినా ప్లాంటు మనిషి, పైగా మన విజయనగరం వైపు మనిషి, ఆయన చెప్తే అబద్ధం ఎందుకవుతుందనుకున్నారు జనం. అలా అనుకున్నవాళ్ళు కూడా కొద్దిమందే. మిగతావాళ్ళు చూద్దాంలే, చేద్దాంలే అని దాటేస్తుండేవాళ్ళు.

వాళ్ళని దాటనివ్వనిది మా అమ్మ.

కొత్తగా చేరినవాళ్ళకి కంపెనీ ఒక స్టీలు డబ్బా బహుమతిగా ఇచ్చేది. మూత మీద ఉదయించే సూర్యుడు, కింద కంపెనీ పేరు. గట్టి స్టీలు. చేరాక ఇవ్వాల్సిన ఆ డబ్బాల్ని అమ్మ శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడు ముందే పంచేసింది. నానబెట్టిన శనగలు నింపి, పైన తాంబూలం పెట్టి, శనగల అడుగున కంపెనీలో చేరడానికి నింపే కాయితం ప్లాస్టిక్ కవర్లో మడిచి ఉంచి, వచ్చిన పేరంటాళ్ళందరి చేతుల్లో పెట్టింది. మాలో తాంబూలం పుచ్చుకున్నారంటే మాట ఇచ్చినట్టే, పెళ్ళిళ్ళు కూడా దాంతోనే ఖాయమవుతాయి. పేరంటంలో ఇచ్చింది వద్దనకూడదు, ఇచ్చినావిడ ఎదురుగా విప్పి చూడకూడదు. ఇంటికెళ్ళి శనగలు గిన్నెలోకి తీసుకున్నాక గానీ వాళ్ళకి ఆ కాయితం కనపడలేదు. అప్పటికే పుచ్చుకున్నారు కదా. అమ్మవారి దగ్గర పెట్టి ఇచ్చిన కాయితాన్ని చెత్తబుట్టలో ఎవరు వేస్తారు? శ్రావణం వెళ్ళకముందే అన్ని ఇళ్ళూ చేరిపోయాయి. అంత పెద్ద కంపెనీకి కూడా తట్టని ఉపాయం అది. అమ్మ దాన్ని ఉపాయం అనుకోలేదు. లక్ష్మీదేవి చేతుల మీదుగా నలుగురికీ మేలు జరుగుతోందనుకుంది.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ఆఫీసుకి తాళం పడింది, పెద్దవాళ్ళు పారిపోయారు, జనం మా గుమ్మం ముందు నిలబడ్డారు. నాన్న రిటైరయ్యాక చేతికొచ్చినదాంట్లోంచి ఇవ్వగలిగినంత ఇచ్చాడు. అది అందరికీ చాలలేదు. ఎక్కువ దెబ్బ తిన్నది ఎదురింటి అత్త వాళ్ళు. ఆవిడ అమ్మని వదినా అంటుంది కాబట్టి నాకు అత్త, అంతే తప్ప చుట్టరికం లేదు. స్మృతి నగర్‌లో సొంత ఇల్లు కట్టుకుందామని దాచుకున్నదంతా వాళ్ళు ఆ కంపెనీలో పోశారు. అంతకుముందు ఆ ఇంటి మావయ్యా నాన్నా షిఫ్టుకి పక్కపక్కనే సైకిళ్ళ మీద వెళ్ళేవారు. కంపెనీ మునిగాక అదే రోడ్డు మీద, అదే షిఫ్టుకి, ఒకరు ముందు ఒకరు వెనక.

మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, కేసు పెట్టలేదు. బొట్టు పెట్టడం మానేశారు, అంతే. శ్రావణ శుక్రవారం పొద్దున్నే కుంకుమ భరిణెలు పట్టుకుని ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి సాయంత్రం పేరంటానికి పిలుస్తారు. మా గేటు దగ్గరికొచ్చేసరికి వాళ్ళ చెప్పుల చప్పుడు వేగం పెరిగేది. బొట్టు పెట్టి పిలవని ఇంటికి పేరంటానికి వెళ్ళకూడదు కదా, అమ్మ వెళ్ళేది కాదు. తను వ్రతం చేసుకుని, శనగలు నానబెట్టి, వచ్చేవాళ్ళు లేక మర్నాడు ఆవుకి పెట్టేది. ఆవుకి కూడా విసుగొచ్చి ఉంటుంది.

పోయిన ఏడు మాత్రం ఎదురింటి అత్త వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, అమ్మ అడగలేదు. గుమ్మం బయటే నిలబడి గబగబా బొట్టు పెట్టి "సాయంత్రం రండి" అని వెళ్ళిపోయింది. అమ్మ వెళ్ళి తలుపు పక్కన కూర్చుని, తాంబూలం పుచ్చుకుని వచ్చింది. ఆ తమలపాకులు ఎండి ముక్కలయ్యేదాకా దేవుడి దగ్గరే ఉంచింది.

అమ్మకి దక్కింది అంతే, ఒక్క బొట్టు. ఈ ఏడు అదీ పోతుందేమోనని నా భయం. ఆ భయాన్ని నా చేతిలో పెట్టింది నేను ఉద్యోగానికి వెళ్ళే రాయ్‌పూర్ బస్సులో నా పక్కన కూర్చునే అమ్మాయి. "దీదీ, కొత్త సీరియల్ వస్తోంది, మన దగ్గర జరిగిందేనట" అని ఫోన్లో ట్రైలర్ చూపించింది. మా బస్సు అప్పుడు కుమ్హారి దాటుతోంది. కంపెనీ పేరు మార్చారు, ఊరి పేరు మార్చారు. కానీ ఒక గది నిండా పేర్చిన స్టీలు డబ్బాలు, వాటి మూతల మీద ఉదయించే సూర్యుడు కనపడ్డాయి. ఆ అమ్మాయి "భలే ఉంది కదా" అంది. భలే ఉంది అన్నాను.

రెండేళ్ళ కిందట ముంబయి నుంచి ఇద్దరు వచ్చి ఎదురింటి వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడి వెళ్ళిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సీరియల్ కోసం వివరాలు అడుగుతున్నారని సెక్టరంతా చెప్పుకున్నారు. అత్త చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది, వాళ్ళు రాసుకుంటున్నారు, మేం కర్టెన్ వెనకనుంచి చూస్తున్నాం. నాన్న ఆ సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు. వాళ్ళు మా ఇంటికి వస్తారని భయపడ్డాడో, రావాలని చూశాడో నాకిప్పటికీ తెలీదు. వాళ్ళు రాలేదు. నాన్న చొక్కా మార్చుకున్నాడు.

అత్త ఏం చెప్పింది? తాంబూలం సంగతి చెప్పిందా? అది తెర మీదికొస్తే ఇంతకాలానికి మానిన గాయం కెలికినట్టు కాదా? సీరియల్ మొత్తం ఒక శుక్రవారం యాప్‌లోకి వస్తుంది, తర్వాతి శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మధ్యలో వారం. ఆ వారంలో సెక్టరంతా చూసేస్తుంది. అమ్మవారికి వేరే శుక్రవారమే దొరకలేదా అని నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, సీరియల్ తీసినవాళ్ళ మీదా, అమ్మవారి మీదా.

వచ్చిన రోజే బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. కథ నాకక్కర్లేదు, వెతుకుతున్నది ఒక్కటే. సగం దాటాక దొరికింది. పూజ గది, అరటి పిలకలు, పట్టుచీరలు. ఏజెంటు పెళ్ళాంగా వేసినావిడ ఒంటి నిండా బంగారం దిగేసుకుని, ప్రతి ముక్కకీ "అయ్యో" అంటూ వంకర హిందీ మాట్లాడుతూ డబ్బాలు పంచుతోంది. పంచుతూ పకపకా నవ్వుతోంది. అందరూ వెళ్ళాక మొగుడి వైపు తిరిగి, వీళ్ళంత వెర్రివాళ్ళు ఎక్కడా దొరకరు అంటుంది, మళ్ళీ నవ్వు. నా పక్క సీటు అమ్మాయి కూడా అక్కడికే వచ్చినట్టుంది, కిసుక్కున నవ్వింది. దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఇంట్లో యాప్ పనిచెయ్యట్లేదని చెప్పాను. రీఛార్జ్ అయిపోయింది, పాస్‌వర్డ్ మారింది, నోటికొచ్చిందల్లా చెప్పాను. కానీ కూరగాయల దగ్గర, నీళ్ళ ట్యాంకు దగ్గర, గుళ్ళో, ఎక్కడికెళ్ళినా అదే మాట. అమ్మ వస్తుంటే మాటలు ఆగిపోయేవట. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నన్ను చూపించవే," అంది.

"నువ్వెక్కడున్నావు అందులో?"

"ఉన్నానట కదా. అందరూ చూసేరు, నేను చూడకపోతే ఎలగ?"

పెట్టక తప్పలేదు. నాన్న కుర్చీ ఈసారి టీవీ దగ్గరికి లాక్కోలేదు, గోడకి ఆనించుకుని కూర్చున్నాడు. పూజ సీన్ వచ్చింది, పోయింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, రెండూ చెయ్యలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"ఆ రోజు నేను నవ్వేనేటే?"

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, వచ్చినవాళ్ళ పాదాలకి పసుపు రాసింది నేనే. అమ్మ నవ్వింది. బాగా నవ్వింది. ఇల్లంతా పట్టుచీరలు, మల్లెపూలు, అందరూ వదినా వదినా అని పిలుస్తుంటే ఏ ఇల్లాలు నవ్వదు? ఆ నవ్వుకీ టీవీ నవ్వుకీ తేడా నాకు తెలుసు, చెప్పమంటే చెప్పలేను.

"లేదమ్మా," అన్నాను.

"నవ్వేనేమో," అంది అమ్మ. "నాకు గుర్తు రావట్లేదు. ఇందాకట్నుంచి ఆ టీవీలో ఆవిడ మొహవే కనపడతంది."

సీరియల్లో ఏజెంటు తలుపు వేసుకుంటాడు, బయట జనం బాదుతుంటారు. అంతే, మళ్ళీ కనపడడు. చివర సూటువాడు పోలీసు జీపు ఎక్కుతూ కెమెరా వైపు చూసి చిన్నగా నవ్వుతాడు, సంగీతం మారుమోగుతుంది. పేర్లు పడుతున్నంతసేపూ నాన్న కదల్లేదు.

"అయిపోయిందా?" అన్నాడు. "మరి తలుపేసుకున్నోడు? ఆడు బయటికి రాలేదేటి?"

నేను లేచి టీవీ ఆపేశాను.

వ్రతం రోజు నేను సెలవు పెట్టాను. అమ్మ తెల్లారకముందే ముగ్గు వేసి, తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా కూర్చుని బియ్యం ఏరడం మొదలెట్టింది. ఆ బియ్యంలో రాళ్ళు ఉండవు, ప్యాకెట్ బియ్యం. ఒక జట్టు ఆడవాళ్ళు భరిణెలతో మా గేటు దాటి వెళ్ళారు. ఇంకో జట్టు అవతలి వైపు నుంచే వెళ్ళిపోయింది. ఎదురింటి తలుపు వేసే ఉంది. నేను కాఫీ ఇస్తే చల్లారిపోయింది. ఎండ ముగ్గు మీదికి వచ్చింది. "లోపలికి రా అమ్మా" అని నాలుక చివరిదాకా వచ్చి, అనలేకపోయాను. అంటే ఇంక రారని నేనే తేల్చేసినట్టు అవుతుంది.

ఎదురు తలుపు తెరుచుకునేసరికి అమ్మ చేతిలో బియ్యం పిడికిట్లోనే ఉండిపోయాయి. అత్త రోడ్డు దాటి, గేటు తీసుకుని, తిన్నగా గుమ్మంలోకి వచ్చింది. భరిణె మూత తీసి అమ్మ నుదుటన బొట్టు పెట్టింది. పోయినేడులా వెళ్ళిపోలేదు.

"చూసేవా ఆ సీరియలు?" అంది.

"చూసేను."

"ఆ ముంబయోళ్ళకి నేనే చెప్పేను వదినా. అబద్ధవెందుకు, నిన్ను కడుపారా తిట్టేను. తాంబూలంలో కాయితం పెట్టి ఇచ్చిందని చెప్పేను. గాని మమ్మల్ని వెర్రోళ్ళన్నావనీ, అలగ పకపకా నవ్వేవనీ నేను చెప్పలేదు. ఆ మాట నీకు చెప్పాలని వచ్చేను. పొద్దుట్నుంచీ ఎలగ చెప్పాలా అనే కూకున్నాను."

"నవ్వేనేమో. నాకు తెలవట్లేదు," అంది అమ్మ.

అత్త అమ్మ మొహంలోకి చూసి, "సాయంత్రం రండి, ఆలస్యం చెయ్యకండి" అని వెళ్ళిపోయింది. నా నుదుటన కూడా బొట్టు పెట్టడం మర్చిపోయి, గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి పెట్టింది.

సాయంత్రం వాళ్ళ హాలు నిండా ఆడవాళ్ళున్నారు. మేం వెళ్ళేసరికి మాటలు తగ్గాయి. మా వంతు వచ్చినప్పుడు అత్త లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. పైన రెండు తమలపాకులు, అరటిపండు. కింద సూర్యుడి బొమ్మ. మిగతా అందరికీ శనగలు ప్లాస్టిక్ సంచుల్లోనే ఇచ్చింది. గది గదంతా ఆ డబ్బా వైపే చూసింది. అందరూ సీరియల్ చూసినవాళ్ళే, అందరి వంటిళ్ళలోనూ అలాంటి డబ్బా ఉన్నదే. కంపెనీ మునిగింది గానీ డబ్బాకి సొట్ట కూడా పడలేదు, కందిపప్పు పోసుకుంటున్నారు. అమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది.

ఇంటికొచ్చాక దాన్ని బల్ల మీద పెట్టుకుని ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. దెప్పిపొడవడానికే ఇచ్చిందని నేనన్నాను. సంచులు అయిపోయి ఉంటాయని నాన్న అన్నాడు. అమ్మ మూత తీసింది. శనగలు ఒక గిన్నెలోకి ఒంపి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ లేదు.

"ఏదైతేనేం, ఒట్టి డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా," అంది.

మర్నాడంతా ఏం పెట్టి ఇవ్వాలా అని ఒకటే ఆరాటం. పండ్లు పెడితే ఎవరో పరాయివాళ్ళకి ఇచ్చినట్టుంటుంది. బజారు మిఠాయి పెడితే గొప్పకి పోయినట్టుంటుంది. చివరికి బియ్యం తడిపి, పిండి కొట్టి, బెల్లం పాకం పట్టి పాకుండలు వండింది. డబ్బా నింపి, మూత పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టింది. నన్ను తోడు రమ్మంది. రోడ్డుకి అవతలే కదా అనలేదు నేను.

వరండాలో అత్తతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. మావయ్య మమ్మల్ని చూసి పేపర్ తీసుకుని లోపలికెళ్ళిపోయాడు. ఆయన ఈ రోజుకీ నాన్నతో మాట్లాడడు. అమ్మ డబ్బా రెండు చేతులతో అందించింది. అత్త అందుకుంది.

అందుకుని, అక్కడే, అమ్మ ఎదురుగానే, మూత తీసింది.

మాలో ఎవరూ అలా చెయ్యరు. మిగతా ఇద్దరూ తలలు దించుకున్నారు. అత్త రెండు పాకుండలు పక్కకి జరిపి, వేలు అడుగుదాకా పోనిచ్చి తడిమింది. తొందరపడకుండా, అంచుల చుట్టూ. అమ్మ కదలకుండా నిలబడింది, కళ్ళు దించలేదు. నాకు ఆ డబ్బా లాక్కుని ఇంటికి పారిపోవాలనిపించింది. అత్త వేలు బయటికి తీసి, అంటిన పొడి దులుపుకుని, ఒక పాకుండ అందుకుని కొరికింది.

"పాకం ముదిరింది వదినా," అంది.

అమ్మ నవ్వేసింది. ఆపుకోలేక, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, నేను ఇన్నేళ్ళుగా వినని నవ్వు. నేను బెదిరిపోయి అత్త మొహంలోకి చూశాను.

"ఆ రోజు నువ్వు నవ్విందీ ఇలగే వదినా," అంది అత్త. "ఇప్పుడు గుర్తొచ్చింది నాకు." మూత పెట్టి డబ్బా లోపలికి తీసుకెళ్ళింది.

మేం వచ్చేసరికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏటయ్యింది?" అన్నాడు.

"పాకం ముదిరిందంది," అంది అమ్మ.

నాన్న వంటింట్లోకి వెళ్ళి మిగిలిన పాకుండ ఒకటి తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని నమిలాడు. ఎదురింటి వరండా వైపు చూస్తూ చాలాసేపు నమిలాడు.

"నిజవే," అన్నాడు.